మిక్స్‌డ్ కుక్క ఎనర్జీ: ఎంత తిప్పినా ఎందుకు అలసిపోదు?

కుక్క ఇంట్లో ఆగట్లేదు, సోఫా పీకేస్తోంది, చుట్టాలొస్తే మీద పడిపోతోంది అని ఎవరికి చెప్పుకున్నా వచ్చే సలహా ఒక్కటే, "ఇంకాస్త వాకింగ్ తిప్పండి, అలిసిపోయి పడుంటుంది" అని. ఇది సగం నిజం. మిగతా సగమే చాలా ఇళ్లలో గొడవ పెడుతోంది. ఎందుకంటే రోజూ గంట పరిగెత్తించిన కుక్కకి కొన్నాళ్లకి గంట పరిగెత్తే దమ్ము వచ్చేస్తుంది, అప్పుడు గంటన్నర కావాలి, ఆ తర్వాత రెండు గంటలు, మీకేమో ఆఫీసుంది దానికి లేదు, ఈ పోటీలో గెలిచేదెవరో చెప్పక్కర్లేదు. దాన్ని అలసగొడుతున్నాం అనుకుంటూ స్టామినా పెంచుతుంటాం.

నేను మాట్లాడేది మన కాలనీల్లో బాగా కనిపించే రకం గురించి. తల్లి వీధి కుక్క, తండ్రి ఎవరింట్లోంచో గేటు దూకొచ్చిన ల్యాబో జర్మన్ షెపర్డో, లేదంటే రెండు మూడు తరాల వెనక ఏమేం కలిసిందో ఎవరికీ తెలీదు. మా మల్లిదీ అదే కథ, చెవులు ఒకటి నిలబడుద్ది ఒకటి వాలుద్ది, తోక చుట్ట తిరుగుద్ది, మొహం మాత్రం అచ్చం ల్యాబ్. దాన్ని చూసిన ప్రతివాళ్లూ మొదట అడిగేది "ఏం బ్రీడ్ అండీ?" అనే, క్రాస్ అని చెప్తే "ఆ... అందుకే ఇంత హుషారు" అంటారు, ఏదో అర్థమైపోయినట్టు.

నిజానికి బ్రీడ్ చెప్తే అర్థమయ్యేది మనం అనుకునేంత లేదు. 2022లో సైన్స్ పత్రికలో అమెరికా శాస్త్రవేత్తల పెద్ద స్టడీ ఒకటి వచ్చింది, 18 వేలకి పైగా కుక్కల గురించి ఓనర్లని ప్రశ్నలడిగి, అందులో 2 వేలకి పైగా కుక్కల డీఎన్ఏ చదివారు. సర్వేలోని కుక్కల్లో సగం దాకా మిక్స్‌డ్ వే. తేలిందేంటంటే ఒక కుక్కకీ ఇంకో కుక్కకీ ప్రవర్తనలో ఉండే తేడాలో బ్రీడ్ వల్ల వచ్చేది సుమారు 9 శాతమే. అంటే రూపం బ్రీడ్‌ది కావచ్చు గానీ స్వభావం మాత్రం ఆ కుక్కదే. మనిషి చెప్పింది వినే గుణం లాంటివి కొన్ని బ్రీడ్‌తో కాస్త ఎక్కువే ముడిపడి ఉన్నాయి, కోపం తెప్పించడం ఎంత తేలిక అనే విషయంలో మాత్రం బ్రీడ్ చెప్పగలిగింది దాదాపు ఏమీ లేదన్నారు. కాబట్టి "షెపర్డ్ కలిసింది కదా, కరుస్తుంది", "ల్యాబ్ కలిసింది కదా, పిల్లలతో బాగుంటుంది" రెండూ ఒకేలాంటి మాటలు, రెండిటికీ ఆధారం తక్కువ.

అలాగని రక్తం అసలు పనే చెయ్యదని కాదు. ల్యాబ్ వైపు నుంచి వచ్చే ఒక సంగతి మాత్రం బాగా తెలిసిందే. 2016లో కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ వాళ్లు పీఓఎమ్‌సీ అనే జన్యువులో ఒక చిన్న ముక్క లేకపోవడం కనిపెట్టారు, ల్యాబ్‌లలో దాదాపు నాలుగింట ఒకదానికి అది ఉంటుంది, ఉన్నవాటికి తిండి యావ ఎక్కువ, ఒక పూటకీ ఇంకో పూటకీ మధ్య తొందరగా ఆకలేస్తుంది. తర్వాత 2024లో వచ్చిన ఇంకో పేపర్లో అలాంటి కుక్కలు ఖాళీగా ఉన్నప్పుడు ఖర్చు చేసే శక్తి కూడా తక్కువని తేల్చారు. అంటే ఆకలి ఎక్కువ, ఖర్చు తక్కువ. మీ ల్యాబ్ క్రాస్ డైనింగ్ టేబుల్ చుట్టూ గిరగిరా తిరుగుతుంటే అది ఎనర్జీనే కానక్కర్లేదు, ఆకలి కూడా కావచ్చు, దానికి మందు వాకింగ్ కాదు. (ఇందులో మంచి కూడా ఉంది, తిండి యావ ఉన్న కుక్కకి ఏదైనా నేర్పడం భలే తేలిక.)

ఇంక వీధి కుక్క వైపు. మధ్యాహ్నం పూట మీ వీధి కుక్కల్ని ఒకసారి చూడండి, కారు కింద ఒకటి, ఇసక కుప్ప మీద ఒకటి, కిరాణా కొట్టు మెట్ల మీద ఒకటి, చచ్చినట్టు పడుకుని ఉంటాయి. తెల్లారుజామున, పొద్దుగూకాక లేస్తాయి, హద్దులు చూసుకుంటాయి, చెత్తకుండీ దగ్గర వాసన పట్టుకుంటూ ఏం దొరుకుద్దా అని వెతుక్కుంటాయి, కొత్తవాడొస్తే మొరుగుతాయి, మళ్లీ పడుకుంటాయి. వాటి రోజులో పరుగు చాలా తక్కువ, ముక్కుతో చేసే పని చాలా ఎక్కువ, నిద్ర ఇంకా ఎక్కువ. ఆ రక్తం ఉన్న కుక్కని మనం ఫ్లాట్లో పెట్టి, గిన్నెలో తిండి రెండు నిమిషాల్లో పెట్టేసి, వెతుక్కునే పని మొత్తం తీసేసి, బదులుగా బాల్ విసురుతున్నాం. మన వైపు పాత కుక్కలకి కూడా ఇలాంటి లెక్కే, కొల్లేరు ప్రాంతంలో జోనంగి కుక్కలు బాతుల మందల్ని తోలేవి, కర్నూలు జిల్లా పందికోన కుక్కలు ఇల్లూ పొలమూ కాపలా కాసేవి, వాటన్నిటికీ రోజంతా ఒక పని ఉండేది.

అసలు "ఎనర్జీ ఎక్కువ" అని మనం అనేదాంట్లో కనీసం నాలుగు వేరు వేరు సంగతులు కలిసిపోయి ఉంటాయి. ఒకటి నిజంగానే ఒంట్లో ఉన్న శక్తి, కాళ్లకి పని కావాలి, అది వాకింగ్‌తో తీరుతుంది. రెండోది ముక్కుకీ నోటికీ పని లేకపోవడం, దీని వల్లే చెప్పులు నమలడం, కుండీల్లో మట్టి తవ్వడం, ఇది ఎంత పరిగెత్తించినా పోదు. మూడోది విసుగు, కావాల్సింది కళ్ల ముందే ఉండి అందకపోవడం, బాల్కనీ గ్రిల్లోంచి పిల్లిని చూస్తూ గంటలకొద్దీ మొరిగే కుక్కకి ఉండేది ఇదే. నాలుగోది, ఎవరూ నమ్మనిది, నిద్ర చాలకపోవడం.

ఈ నాలుగోదాని దగ్గర కాసేపు ఆగాలి. ఎదిగిన కుక్క రోజుకి 12 నుంచి 14 గంటలు పడుకుంటుంది, కుక్కపిల్లలైతే 18, 20 గంటలు కూడా. మన ఇంట్లో ఏం జరుగుద్దంటే పొద్దున ఆరింటికి కుక్కర్ విజిల్, ఏడింటికి స్కూల్ పిల్లల హడావుడి, తర్వాత పనమ్మాయి, తర్వాత కొరియర్, తర్వాత కూరగాయల బండి మైకు, మధ్యాహ్నం అత్తయ్యగారి సీరియల్, సాయంత్రం పిల్లలు తిరిగి రావడం, ఇలా ప్రతి అరగంటకీ కుక్క లేచి చూసి మళ్లీ పడుకోవాలి. రాత్రి ఎనిమిదయ్యేసరికి అది సోఫా మీంచి మంచం మీదకి, మంచం మీంచి వరండాలోకి పిచ్చెక్కినట్టు దూకుతుంటే "అబ్బో ఇంకా ఎంత ఎనర్జీ ఉందో" అని మనం మళ్లీ లీష్ తీస్తాం. పెళ్లింట్లో రాత్రి పదకొండు దాటాక నిద్ర లేని చిన్నపిల్లలు ఎలా గంతులేస్తారో చూశారుగా, సరిగ్గా అదే ఇది. ఎప్పుడో ఒకసారి రెండు నిమిషాలు గిరగిరా పరిగెత్తి ఆగిపోతే అది మామూలు సరదా, కానీ రోజూ అదే టైంకి వచ్చి, కళ్లు పెద్దవి చేసి, ప్యాంటు పట్టి లాగుతూ, పేరు పిలిచినా వినపడనట్టుండి, ట్రీట్ ఇస్తే వేలితో సహా కొరికేస్తుంటే దానికి కావాల్సింది గ్రౌండ్ కాదు, చీకటి గదిలో ఫ్యాన్ కింద ఒక మూల.

బాల్ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే చాలామంది దాన్నే పరిష్కారం అనుకుంటారు. అదే పనిగా బాల్ విసురుతుంటే కుక్క ఒంట్లో ఉద్రేకం ఎక్కుతూ పోతుంది, వేట మొదటి భాగం ఒక్కటే, వెంటపడటం, పట్టుకోవడం, మళ్లీ వెంటపడటం, దానికి ముగింపు ఉండదు. ఇంటికొచ్చి పడుకుంటుందనుకుంటే బాల్ నోట్లో పెట్టుకుని మీ కాళ్ల దగ్గర నిలబడుద్ది. బాల్ ఆడొద్దని నేననను, ఐదారుసార్లు విసిరి ఆపేసి, చివర్లో గడ్డిలో నాలుగు డ్రై ఫుడ్ గింజలు చల్లి వెతుక్కోమంటే ఆ ఉద్రేకం దిగి ఇంటికొస్తుంది. ఏడాది లోపు కుక్కపిల్లని స్కూటీ పక్కన కట్టి పరిగెత్తించేవాళ్లు పొద్దున్నే కనిపిస్తుంటారు మా వైపు, అది మాత్రం దయచేసి వద్దు, ఎముకలు ఇంకా ముదరని వయసు అది.

వాసన వాకింగ్ అనేది మన ఓపికకి పరీక్ష. నేను అనేది కిలోమీటర్ల లెక్క పెట్టుకోకుండా నడవడం. కాస్త పొడుగు తాడు, మెడ పట్టీకి బదులు ఛాతీకి హార్నెస్, కుక్క ఎటు లాగితే అటు. మల్లి ఒక కరెంటు స్తంభం దగ్గర ఆగిందంటే ముందు కింద భాగం, తర్వాత కాస్త పైన, తర్వాత చుట్టూ తిరిగి వెనక వైపు, మళ్లీ మొదటిచోటికే వచ్చి ముక్కు ఆనించి, నోరు కొంచెం కదుపుతూ, అంతా అయ్యాక ఒకసారి ఒళ్లు దులుపుకుని కదులుతుంది, ఈలోపు నాకు వెనక రెండు ఆటోలు హారన్ కొడతాయి. మనకది టైం వేస్ట్, దానికి మాత్రం రాత్రి ఆ దారిన ఎవరెవరు వెళ్లారో ఆ స్తంభం దగ్గరే తెలుస్తుంది. 2019లో వచ్చిన ఒక చిన్న స్టడీలో రెండు వారాల పాటు కొన్ని కుక్కలకి వాసన పట్టి వెతికే ఆట నేర్పారు, కొన్నిటికి ఓనర్ పక్కనే క్రమశిక్షణగా నడవడం నేర్పారు. తర్వాత గిన్నె పరీక్ష పెట్టారు, ఒకవైపు పెడితే తిండి ఉంటుంది, ఇంకోవైపు పెడితే ఉండదు, మధ్యలో పెడితే ఏం చేస్తాయో చూద్దామని. వాసన ఆట ఆడిన కుక్కలు ఆ మధ్య గిన్నె వైపు ముందుకంటే తొందరగా వెళ్లాయి, అంటే ఉంటుందిలే అనే ఆశ పెరిగింది వాటిలో. 20 కుక్కలతో చేసిందే, పెద్ద తీర్పులు ఇవ్వలేం దీంతో, కానీ ఇంట్లో కనిపించేదానికి మాత్రం బాగా సరిపోతుంది.

వాకింగ్‌కి కుదరని రోజు తిండినే పనిగా మార్చేయొచ్చు. డ్రై ఫుడ్ గిన్నెలో పోయకుండా పాత టవల్ మీద చల్లి చుట్ట చుట్టి ముడేసి ఇవ్వడం, అమెజాన్ డబ్బాలో పాత కాయితాలు నింపి మధ్యలో వెయ్యడం, టేపు, పిన్నులు మాత్రం ముందే తీసెయ్యాలి. రెండు నిమిషాల భోజనం పావుగంట పని అవుద్ది. ట్రీట్ కింద ఉప్పూ కారం లేని ఉడికించిన చికెన్ ముక్కలు, క్యారెట్ సరిపోతాయి. కిస్‌మిస్, ద్రాక్ష, చాక్లెట్, ఉల్లిపాయ వేసిన కూర, జైలిటాల్ అనే తీపి పదార్థం ఉన్న షుగర్‌లెస్ చూయింగ్ గమ్ మాత్రం కుక్కకి విషం కిందే లెక్క, పాయసంలో కిస్‌మిస్ ఏరి పెడితే ఏం కాదులే అనుకోవద్దు. ఉడికిన ఎముకలు కూడా వద్దు, పెళుసుగా విరిగి గొంతులోనో పేగులోనో గుచ్చుకుంటాయి.

అన్నిటికంటే పనికొచ్చేది, అందరూ వదిలేసేది, ఊరికే ఉండటం నేర్పడం. ఒక పాత బొంత నేల మీద పరవండి. కుక్క దాని మీద కాలు పెట్టగానే ఒక గింజ, కూర్చుంటే ఒకటి, పడుకుంటే ఒకటి. మొదట్లో అది పడుకున్నా వెనక కాళ్లు రెండూ కడుపు కింద సమంగా మడుచుకుని ఉంటుంది, అంటే లేవడానికి రెడీగా ఉందన్నమాట. చూస్తూ ఉంటే కాసేపటికి ఒక తుంటి పక్కకి ఒరుగుతుంది, వెనక కాళ్లు రెండూ ఒకే వైపుకి వస్తాయి, మనం ఎదురు చూసేది దీనికోసమే, ఏమీ అనకుండా గింజ తీసి ముందు కాళ్ల మధ్య బొంత మీదే పెట్టాలి. "వెరీ గుడ్, బంగారం" అని అరిస్తే లేచి కూర్చుంటుంది, పని మళ్లీ మొదటికొస్తుంది. తర్వాత గడ్డం కింద పెడుతుంది, ఊపిరి ఒకటి గట్టిగా వదులుతుంది. మొదట ఇల్లు నిశ్శబ్దంగా ఉన్నప్పుడు, తర్వాత టీవీ ఉన్నప్పుడు, తర్వాత ఇంట్లోవాళ్లనే ఎవరినో బయటికి పంపి బెల్ కొట్టించి. డెలివరీ అబ్బాయి నిజంగా వచ్చేటప్పటికి కుక్కకి ఏం చెయ్యాలో ముందే తెలిసి ఉంటుంది, "వద్దు, ఆగు, దిగు" అని మనం గోల పెట్టే అవసరం తగ్గుతుంది.

ఇన్ని చేసినా ఒక వయసులో ఏదీ పనిచెయ్యనట్టు అనిపిస్తుంది, సుమారు ఆరో నెల నుంచి ఏడాదిన్నర దాకా. ఐదో నెలలో చక్కగా సిట్ అంటే కూర్చున్న పిల్ల ఎనిమిదో నెలలో మన వైపు చూసి అటు తిరిగి వెళ్లిపోతుంది. ఇది మీ పెంపకం లోపం కాదు. 2020లో బ్రిటన్ వాళ్లు గైడ్ డాగ్స్ కోసం పెంచుతున్న ల్యాబ్‌లు, గోల్డెన్ రిట్రీవర్లు, వాటి క్రాస్‌ల మీద ఇదే చూశారు, ఎనిమిదో నెలలో కుక్కలు తమని పెంచినవాళ్ల మాట వినడం తగ్గించాయి, ముక్కూ మొహం తెలియనివాళ్లు చెప్తే మాత్రం వింటున్నాయి. ఇంట్లో టీనేజ్ పిల్లలున్నవాళ్లకి ఇందులో కొత్తేమీ ఉండదు. బాధేంటంటే ముద్దుగా ఉందని తెచ్చుకున్న కుక్కపిల్లలు రోడ్డు మీదకి వచ్చేది కూడా ఎక్కువగా ఈ వయసులోనే, ఇంకో ఏడాది ఓపిక పడితే అదే కుక్క కుదురుకునేది. ఆపరేషన్ చేయిస్తే చల్లబడుతుందని కొందరంటారు, మగ కుక్కల్లో ఆడ కుక్కల కోసం తిరగడం, గోడల మీద పోయడం తగ్గొచ్చు, వీధుల్లో పిల్లల సంఖ్య పెరగకుండా చేయించాల్సిందే కూడా, కానీ గంతులు దానితో తగ్గుతాయని ఆశపెట్టుకోకండి.

ఈ దశలోనే ఎవరో ఒక అన్న వచ్చి "మీరు లీడర్ అని దానికి తెలియాలి, వెల్లకిలా పడేసి నొక్కి పెట్టండి" అంటాడు. గుంపులో ఒకటి మిగతావాటిని అణిచిపెట్టి లీడర్ అవుతుందనే ఆ ఆల్ఫా సిద్ధాంతం 1947లో ఒకరికొకరు తెలియని తోడేళ్లని ఒక ఎన్‌క్లోజర్లో పెట్టి చూసిన పరిశీలనల నుంచి పుట్టింది. దాన్ని తన పుస్తకంతో బాగా జనంలోకి తీసుకెళ్లిన డేవిడ్ మీచ్ అనే శాస్త్రవేత్తే అడవిలో తోడేళ్ల గుంపంటే మామూలుగా అమ్మా నాన్నా పిల్లలేనని 1999లో రాశాడు. అయినా మన ట్రైనర్లు కొందరు వదలరు. పోర్చుగల్‌లో 92 పెంపుడు కుక్కల మీద చేసి 2020లో వేసిన స్టడీలో, గొలుసు లాగడం, అరవడం లాంటివి ఎక్కువగా వాడే స్కూళ్ల కుక్కల్లో ట్రైనింగ్ తర్వాత స్ట్రెస్ హార్మోన్ ఎక్కువ పెరిగింది, నాలుక చప్పరించడం, ఆవలించడం లాంటి కంగారు గుర్తులు కూడా ఎక్కువే. ట్రైనర్‌ని పెట్టుకునే ముందు "కుక్క తప్పు చేస్తే మీరేం చేస్తారు?" అని అడగండి, ఆ జవాబు విన్నాక ఫీజు అడగాలా వద్దా తెలిసిపోతుంది.

అపార్ట్‌మెంట్ సంగతి క్లుప్తంగా. యానిమల్ వెల్ఫేర్ బోర్డ్ 2015లో ఇచ్చిన గైడ్‌లైన్స్ ప్రకారం అసోసియేషన్ తీర్మానం చేసి కుక్కల్ని నిషేధించడం కుదరదు, లిఫ్ట్ వాడొద్దు అనడం కూడా కుదరదు. 2024 మార్చిలో కేంద్రం 23 రకాల జాతుల్నీ వాటి క్రాస్‌లనీ నిషేధించమని రాష్ట్రాలకి సర్క్యులర్ పంపినప్పుడు క్రాస్ కుక్కలున్నవాళ్లంతా హడలిపోయారు, దాన్ని ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు కొట్టేసింది. అయితే చట్టం మన వైపు ఉంది కదా అని లిఫ్ట్‌లో పక్కింటి పెద్దాయన మీదకి కుక్క ఎగురుతుంటే చూస్తూ నిలబడితే ఎవరూ మెచ్చుకోరు. లిఫ్ట్‌లో మూలకి నిలబెట్టి, మనిషికీ కుక్కకీ మధ్యలో మనం ఉండి, గింజలు పెడుతూ దిగిపోవాలి. రేబిస్ టీకా కార్డు, మున్సిపాలిటీ లైసెన్సు ఫోన్లో ఫోటో తీసి పెట్టుకుంటే సగం వాదనలు అక్కడే ఆగుతాయి. వీధి కుక్కలు మనదాని మీదకి వస్తే పరిగెత్తొద్దు, గుప్పెడు గింజలు వాటి వైపు చల్లి, తాడు బిగించకుండా, మామూలు నడకతో రోడ్డు మారిపోవడం చాలావరకు పనిచేస్తుంది.

ఎండాకాలం మాత్రం పైన చెప్పినవన్నీ పక్కన పెట్టాలి. కుక్కకి చెమట అరికాళ్లలో తప్ప పెద్దగా పట్టదు, రొప్పడమే దానికి ఉన్న ఏసీ, ఉక్కపోతలో అదీ సరిగ్గా పనిచెయ్యదు. ఒంటి వేడి మామూలుగా 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్, 105 దాటితే ప్రాణం మీదకొచ్చినట్టే. హుషారు కుక్కలతో చిక్కేంటంటే అవి ఆపమని అడగవు, బాల్ విసిరినంతసేపూ పరిగెడుతూనే ఉండి ఒక్కసారిగా కూలబడతాయి. ఏప్రిల్, మే నెలల్లో సూర్యుడు రాకముందు ఒకసారి, రాత్రి రోడ్డు చల్లారాక ఒకసారి, అంతే, అరచేయి తిప్పి రోడ్డు మీద ఐదారు సెకన్లు ఆనించి ఉంచలేకపోతే కుక్క కాళ్లకీ అది కాలుతున్నట్టే. నాలుక ఎర్రగా అయి, జొల్లు చిక్కగా కారుతూ, తూలుతుంటే నీడలోకి తెచ్చి, మామూలు నీళ్లు ఒంటి నిండా పోసి, ఫ్యాన్ పెట్టి, వెంటనే డాక్టర్ దగ్గరికి పరిగెత్తాలి.

వానలు మొదలయ్యాక ఇంకో రకం భయం. మీ కుక్క రెండు రోజులుగా గంతులెయ్యట్లేదు, బెల్ కొడితే తల ఎత్తి చూసి మళ్లీ పడుకుంటోంది, ఇంట్లోవాళ్లు "హమ్మయ్య, బుద్ధొచ్చింది" అనుకుంటున్నారంటే ముందు దాని పై పెదవి ఎత్తి చిగుళ్ల రంగు చూడండి. గులాబీ రంగు పోయి పాలిపోయి ఉన్నా, అన్నం వాసన చూసి వదిలేస్తున్నా, ముక్కులోంచి రక్తం చుక్క కనిపించినా అది పిడుదుల జ్వరం కావచ్చు, ఎర్లీకియా, బేబీసియా రెండూ మన దగ్గర మామూలే. చెవుల లోపల, వేళ్ల సందుల్లో, తోక కింద పిడుదులు ఉన్నాయేమో వెతకండి, ఒక్కటీ దొరక్కపోయినా సరే ఆ రోజే తీసుకెళ్లి రక్త పరీక్ష చేయించి ప్లేట్‌లెట్స్ ఎంతున్నాయో అడగండి. తొందరగా పట్టుకుంటే మందులతో తగ్గేదే, కుదురుకుందిలే అని వారం ఆగితే మాత్రం రక్తం ఎక్కించేదాకా పోవచ్చు.